పైసలు వాడివి కావు, పరిచయాలు మనవి

రియల్ ఎస్టేట్ అనగానే మన కళ్ళ ముందు ఇంకా తెల్ల చొక్కా, చేతికి కడియం, వెనక నలుగురు మనుషులున్న పెద్ద కారే మెదులుతుంది. ఔటర్ రింగు రోడ్డు పనుల కాలం నుంచీ ఆ మనిషిని చూస్తున్నాం. వాడితో కొట్లాడటం కూడా కొంత నేర్చుకున్నాం. ఇప్పుడు రీజినల్ రింగు రోడ్డు పేరు మీద సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ దాకా, ఇటు ఆమనగల్లు, షాద్‌నగర్ దాకా ఊళ్ళలోకి వాడికంటే ముందు ఇంకొకడు వస్తున్నాడు. ముప్పై ఏళ్ళ లోపు పిల్లవాడు. డిగ్రీ చదివాడు. మోటారు సైకిల్ మీద వస్తాడు. మర్యాదగా మాట్లాడతాడు, కాకా అంటాడు, వదినా అంటాడు. వాడి దగ్గర భూమి కొనే డబ్బు లేదు. ఉందా అని మనం అడగం, లేదని వాడు చెప్పడు.

డబ్బు లేనివాడు భూముల వ్యాపారంలోకి ఎట్లా వస్తాడు? దానికి ఇప్పుడు పట్నంలో క్లాసులు నడుస్తున్నాయి, ఫోన్‌లో వీడియోలు తిరుగుతున్నాయి. కొత్తగా వచ్చేవాడికి అక్కడ చెప్పే మొదటి పాఠం ఒక్కటే. పెట్టుబడి లేదని దిగులు పడకు, ముందు స్థానిక సంఘాలతో పరిచయాలు పెంచుకో, పది గ్రూపుల్లో చేరు, అందరికీ తలలో నాలుకలా ఉండు, భూమి తనంతట తానే నీ దగ్గరికి నడిచొస్తుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు నెట్‌వర్కింగ్. పేరు కొత్తదే గానీ పని మనకు తెలియనిది కాదు. పశువుల సంతలో రుమాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసే దళారీ కూడా ఇదే చేసేవాడు. అమ్మేవాడికి కొనేవాడి మాట, కొనేవాడికి అమ్మేవాడి మాట తెలియకుండా ఉండటమే అతని బతుకుతెరువు. కాకపోతే అతను ఎద్దును అమ్మించేవాడు, ఎద్దు పోతే ఇంకో ఎద్దు వచ్చేది.

వాడు చేరే సంఘాలేమిటో ఒకసారి లెక్క పెట్టుకుందాం. మొదట ఊరి వాట్సాప్ గ్రూపు. పొద్దున్నే దేవుడి బొమ్మ పెడతాడు, ఎవరైనా చనిపోతే అందరికంటే ముందు దండం పెడతాడు. తర్వాత యువజన సంఘం. క్రికెట్ పోటీలకు కప్పు వాడిదే. వినాయక మండపానికి చందా, బోనాల పండుగకు మైకు సెట్టు ఖర్చు. ఆ తర్వాత కుల సంఘం భవనానికి పది బస్తాల సిమెంటు. మహిళా సంఘం సమావేశం జరిగే చోట టీ, బిస్కెట్లు. ఇవన్నీ పైకి కనపడేవి. అసలు పని కనపడని చోట జరుగుతుంది. ఎరువుల దుకాణంలో కూర్చుంటే ఎవరి బాకీ ఎంత పేరుకుపోయిందో తెలుస్తుంది. ఆర్ఎంపీ డాక్టరుకు ఎవరింట్లో పెద్ద జబ్బు ఉందో, ఎవరు పట్నం ఆసుపత్రికి పోవాలో తెలుసు. మీసేవలో కూర్చునే పిల్లవాడికి ఎవరి పాసుపుస్తకంలో తప్పు పడిందో తెలుసు. చిట్టీలు నడిపే ఆయనకు ఎవరు రెండు నెలలుగా కట్టలేదో తెలుసు. బోర్ల బండి మేస్త్రీకి ఎవరి చేనులో మూడో బోరు కూడా ఎండిపోయిందో తెలుసు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. మన మధ్య బతికేవాళ్ళే, మన కష్టంలో చెయ్యి వేసినవాళ్ళే. వీళ్ళ చెవిలో వాడు చెప్పేది ఒకటే మాట. ఎవరన్నా అమ్మే ఆలోచనలో ఉంటే నా చెవిన వెయ్యండి, మీ పర్సెంట్ మీకుంటుంది.

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. ఇక్కడ గుట్టు చెప్పినవాడికి తాను గుట్టు చెప్పినట్టు కూడా తెలియదు. ఫలానా వాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరిందట అని టీ తాగుతూ అనేసి ఉంటాడు. వారం తిరగకుండా ఆ ఇంటి ముందు మోటారు సైకిల్ ఆగుతుంది. “కాకా, మంచి పార్టీ ఉంది, నగదు ఇస్తారు, ఒక్కసారి సిట్టింగ్ వేద్దాం” అని. అవసరం పడ్డ మనిషి ధర ఎక్కువ అడగలేడు. వాడు ఊరి మీద పెట్టిన ఖర్చంతా ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికే, ఎవరు ధర అడగలేని స్థితిలో ఉన్నారో.

ఇక ఆ సిట్టింగులో ఏం జరుగుతుందో లెక్కతో చూద్దాం. అంకెలు ఉదాహరణకే. నాలుగెకరాల చేను, ఎకరం 40 లక్షలకు మాట కుదిరింది. మొత్తం కోటి 60 లక్షలు. బయానా 2 లక్షలు, మిగతాది మూడు నెలల్లో. తెల్ల కాగితమో, స్టాంపు కాగితమో రాసుకుంటారు. ఆ కాగితంలో మధ్యలో ఎక్కడో ఒక చిన్న ముక్క ఉంటుంది. రిజిస్ట్రేషన్ కొనుగోలుదారు పేర గానీ, ఆయన సూచించిన వారి పేర గానీ చేయించవలెను. మనం అందరం ఆ ముక్క మీద నుంచి కళ్ళు జరిపేసి కింద అంకె చూస్తాం, సంతకం పెడతాం. మొత్తం వ్యాపారమంతా ఆ ముక్కలోనే ఉంది. వాడు ఆ మూడు నెలలూ మన కాగితం పట్టుకుని పట్నంలో తిరుగుతాడు. ఎకరం 52 లక్షలకు ఇంకొకరితో మాట్లాడతాడు. ఆ వచ్చినాయనే మనకు 40 లెక్కన ఇస్తాడు, ఎకరానికి 12 లక్షల తేడా, నాలుగెకరాల మీద 48 లక్షలు వీడికి ఇస్తాడు. వీడు పెట్టింది 2 లక్షలు, అది కూడా ఎవరి దగ్గరో వడ్డీకి తెచ్చినవి. మనం తహసీల్దారు ముందు ముఖం తెలియని మనిషికి వేలిముద్ర వేసి వస్తాం.

పార్టీ దొరకకపోతే? గడువు పొడిగించమంటాడు. మూడు నెలలు ఆరు నెలలవుతుంది. ఈలోగా మనం ఆ 2 లక్షలూ పెళ్ళి వాళ్ళకో, ఆసుపత్రికో ఇచ్చేసి ఉంటాం. ఇంకొకరికి అమ్ముదామంటే కాగితం వాడి దగ్గరుంది. కోర్టు నుంచి ఆపిస్తానంటాడు. చివరికి ఊరి పెద్దమనుషులను కూర్చోబెడతాడు. ఆ పెద్దమనుషులు ఎవరు? వాడి సిమెంటు బస్తాలతో కట్టిన కుల సంఘం భవనంలో కూర్చునేవాళ్ళే. బయానా వడ్డీతో సహా తిరిగి ఇచ్చేయమని వాళ్ళు చెబుతారు, ఊరి మాట అని మనం ఒప్పుకుంటాం.

భూమి అమ్మవద్దని మేము చెప్పడం లేదు. పత్తికి గిట్టుబాటు లేక, వడ్లు కల్లంలో తడిసి, బిడ్డ చదువుకు, తల్లి ఆపరేషన్‌కు అమ్ముకునేవాడిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ మోటారు సైకిల్ పిల్లవాడి మీద కూడా మాకు పగ లేదు. వాడు కూడా ఎక్కడో ఒక రైతు కొడుకే అయి ఉంటాడు, ఉద్యోగం దొరకక ఇందులో పడి ఉంటాడు. మా కోపం అంతా ఒక పద్ధతి మీద. వాడికి మనందరం తెలుసు, ఎవరి ఇంట్లో ఏముందో తెలుసు, ఎవరికి ఎంత చెప్పాడో తెలుసు. మనకు మాత్రం గెట్టు పక్కవాడు ఎంతకు అమ్మాడో తెలియదు. ధర చెబితే దిష్టి తగులుతుందని కొందరు, పన్ను వాళ్ళు వస్తారని కొందరు, అన్నదమ్ములు వాటా అడుగుతారని కొందరు నోరు కట్టేసుకుంటాం. ఒకే సర్వే నంబరులో గెట్టుకు ఇటువైపు 40, అటువైపు 55 పలకడం ఎట్లా సాధ్యం? మట్టి ఒకటే, రోడ్డు ఒకటే. తేడా అంతా మన మౌనంలో ఉంది.

ఈ మౌనం మనకు ఇంకో దారిలో కూడా దెబ్బ కొడుతోంది. దీని మీద మన సంఘం ఎంత మాట్లాడినా తక్కువే. బేరంలో ఎక్కువ భాగం నగదుగా ఇచ్చి, రిజిస్ట్రేషన్ మాత్రం ప్రభుత్వ ధరకు చేయించుకుంటారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని వాళ్ళు చెబుతారు, మనకు నష్టం లేదు కదా అని మనం ఊరుకుంటాం. నష్టం మన పక్కవాడికి. రేపు రోడ్డుకో, కాలువకో భూమి తీసుకునేటప్పుడు పరిహారం ఎట్లా కడతారు? 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ధర చూస్తారు, దాంతో పాటు అంతకు ముందు మూడేళ్ళలో ఆ చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం కాగితాల సగటు చూస్తారు. ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దాని మీదే పల్లెల్లో గుణకం, దాని మీదే నూటికి నూరు శాతం సొలేషియం. జాతీయ రహదారులకు కూడా 2015 నుంచి పరిహారం లెక్క ఇదే. 40 లక్షల చేను కాగితంలో 6 లక్షలుగా రాసి ఉంటే, చట్టం ఎన్ని రెట్లు చేసినా ఆ ఆరునే కదా రెట్లు చేసేది. రీజినల్ రింగు రోడ్డు అలైన్‌మెంట్‌లో భూమి పోతున్నవాళ్ళు కలెక్టరేట్ల ముందు కూర్చుని బహిరంగ మార్కెట్ ధర ఇవ్వండి అంటుంటే, అధికారి బల్ల మీద పెట్టేది మన సంతకాలున్న ఈ కాగితాలే. మేము గుట్టుగా అమ్ముకున్నాం, మా ఇష్టం అనేవాళ్ళు దీనికి ఏం జవాబు చెబుతారు?

నగదు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 నుంచి ఉంది. జరిమానా పడితే ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి, అదీ తీసుకున్నంత మొత్తం. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. పట్నం నుంచి వచ్చిన పార్టీకి వ్యవసాయ ఆదాయమొక్కటే ఉంటుందని అనుకుంటున్నారా? సంచిలో నోట్లు తెచ్చేవాడు ఈ మాట చెప్పడు.

ఇంకా చెప్పని మాటలు ఉన్నాయి. వాటాదారుల సంగతి అడిగితే ఆడపిల్లల సంతకాలు తర్వాత చూద్దాం కాకా అంటాడు. తండ్రి తాతల భూమిలో కూతుళ్ళకు సమాన హక్కు 1986లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టమైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. సంతకం లేని అక్కచెల్లెళ్ళు రేపు కోర్టుకు వెళ్తే కూర్చోబెట్టేది తమ్ముణ్ణి, అన్నను. కమీషన్ తీసుకున్నవాడిని కాదు. ఆడబిడ్డను పుట్టింటికి దూరం చేసిన ఇలాంటి బేరాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. ఇంకా కొత్తవాళ్ళు జీపీఏ రాసివ్వమని అడుగుతున్నారు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద చేసే అమ్మకం అమ్మకమే కాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా అడుగుతారు. ఎందుకంటే ఆ కాగితం చేతిలో ఉంటే మనల్ని మళ్ళీ పిలవకుండానే వాడు ఊరేగవచ్చు.

కౌలు రైతు మాట ఎవరూ ఎత్తరు. ఒక ఊళ్ళో పత్తి రెండో విడత ఏరక ముందే చేనులో హద్దు రాళ్ళు పాతారు. యజమాని పట్నంలో ఉంటాడు, అమ్మిన సంగతి కౌలుదారుకు చెప్పలేదు. జేసీబీ వస్తేనే తెలిసింది. అతని పేరు ఏ రికార్డులో ఉంది? 2018లో రైతుబంధు వస్తే పట్టాదారుకే వచ్చింది. 2020లో ధరణి వస్తే రికార్డులోంచి అనుభవదారు కాలమే పోయింది. ప్రభుత్వం భూమి సేకరిస్తే 2013 చట్టం కింద మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు, కూలి కూడా బాధిత కుటుంబం కిందికి వస్తారు. ఈ మోటారు సైకిల్ బేరంలో ఆ పాటి పేరు కూడా లేదు. పదెకరాల పత్తి చేను ప్లాట్లయితే ఏరే కూలీలకు ఎన్ని రోజుల పని పోయిందో ఎవరు లెక్క రాశారు? నెట్‌వర్క్‌లో అందరూ ఉన్నారు, కౌలు రైతూ కూలీ తప్ప. వాళ్ళ దగ్గర అమ్మడానికి ఏమీ లేదు కదా.

అవతలి చివర కొనేవాళ్ళ గతి కూడా చూడండి. బస్సుల్లో ఎక్కించి తెచ్చి, భోజనం పెట్టి, జెండాలు పాతిన చేనులో గజాల లెక్కన అమ్ముతారు. టీచర్లు, డ్రైవర్లు, చిన్న ఉద్యోగులు, గల్ఫ్‌లో చెమటోడ్చిన మన ఊరి పిల్లలే. 2020లో తెలంగాణలో అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 25 లక్షలు వచ్చాయి. అన్ని లక్షల ఇళ్ళు పరిచయస్తుడి మాట నమ్మి కాగితం చూడకుండా డబ్బు పెట్టాయన్నమాట. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రిజిస్టర్ చేయకుండా ప్రకటన కూడా వేయకూడదు. అలాంటి లేఅవుట్లలో ప్లాట్లు అమ్మించే ఏజెంటు కూడా విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, లేకపోతే రోజుకు 10 వేల జరిమానా. మరి మన వాట్సాప్ గ్రూపులో ప్రీ లాంచ్ ఆఫర్ అని బొమ్మలు పెట్టే మనిషిని రెరా నంబరు ఏదని ఎప్పుడైనా అడిగామా? అడిగిచూడండి. ఆ రోజు నుంచి దేవుడి బొమ్మలు కూడా తగ్గుతాయి.

ఇక చేదు మాట. ఈ గొలుసులో మన ఆకుపచ్చ కండువా వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. ధర్నాలో మైకు పట్టుకుని భూమి తల్లి అంటారు, సాయంత్రం అదే భూమికి పార్టీని తెస్తారు. రైతు సంఘం మనిషి చెప్పాడు కదా అని జనం నమ్ముతారు, ఆ నమ్మకానికి రెండు పర్సెంట్ రేటు కట్టుకుంటున్నారు. కంచే చేను మేస్తే అన్న సామెత రైతులు పుట్టించిందే, రైతు సంఘానికి వర్తించదా? భూమి బేరాల్లో కమీషన్ తీసుకునేవారు గ్రామ శాఖ నుంచి జిల్లా కమిటీ దాకా ఏ బాధ్యతలోనూ ఉండకూడదని మేము ప్రతిపాదిస్తున్నాం. వ్యాపారం చేసుకోండి, అది మీ ఇష్టం. కండువా మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి. దీని మీద అభ్యంతరం ఉన్నవాళ్ళు పేరు రాసి ఈ పత్రికకే ఉత్తరం పంపవచ్చు, తప్పకుండా వేస్తాం.

మరి మనం చేయాల్సింది? వాడు చేసేదే. మనుషులను కలవడం, మాట్లాడటం, ఎవరికి ఏం జరుగుతోందో తెలుసుకోవడం. కాకపోతే వాడు తెలుసుకున్నది దాచుకుంటాడు, మనం బయట పెట్టాలి. ప్రతి గ్రామ శాఖ ఒక మామూలు రెండు వందల పేజీల పుస్తకం కొనాలి. ఊళ్ళో ఏ భూమికి బేరం వచ్చినా అందులో రాయాలి. ఏ సర్వే నంబరు, ఎన్ని గుంటలు, అడిగిన ధర, అసలు కొనేది ఎవరు, మధ్యలో ఎవరు, బయానా ఎంత, గడువు ఎంత. కౌలుదారు ఉంటే అతని పేరు, పంట ఎప్పుడు చేతికొస్తుందో అది కూడా. అమ్మేవాళ్ళ పేరు రాయడం ఇష్టం లేకపోతే వదిలేయండి, ధర మాత్రం వదలకండి. మొదట్లో ఎవరూ చెప్పరు. ఇద్దరు చెబితే మూడోవాడు తన ధర తక్కువైందని తెలిసి తానే వస్తాడు.

సంతకం పెట్టే ముందు ఆ కాగితాన్ని శాఖలో ఒకరికైనా చదివి వినిపించాలి. ఆయన సూచించిన వారి పేర అనే ముక్క ఉంటే కొట్టేయించాలి. ఒప్పుకోకపోతే వాడు కొనేవాడు కాదని అక్కడే తేలిపోతుంది. గడువు దాటితే బేరం రద్దు, బయానా తిరిగి అడగకూడదు అని రాయించాలి. అసలు పాసుపుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, వచ్చిన ధరే కాగితంలో ఉండాలి. ఇంట్లో ఆడవాళ్ళు ఆ సిట్టింగులో కూర్చోవాలి. మా అనుభవంలో కాగితంలో ఏముందో చదవమని మొదట అడిగేది వాళ్ళే.

గ్రామసభ సంగతి మరిచిపోవద్దు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి సభ జరగాలి. జరిగే చోట వచ్చే సభలోనే అడగండి. మన ఊరి హద్దులో ఎన్ని లేఅవుట్లకు అనుమతి ఉంది, ఎన్ని చేలు నాలా కింద మారాయి, పంచాయతీకి వదలాల్సిన ఖాళీ స్థలం ఎక్కడ ఉంది, దానికి కాగితం ఉందా. జరగని చోట ఎందుకు జరగలేదని రాతపూర్వకంగా అడగండి. పండుగ చందాల లెక్క కూడా అక్కడే అడగవచ్చు, ఎవరిచ్చారో ఊరికి తెలియడం మంచిదే.

వచ్చే నెల మండల సమావేశానికి ప్రతి శాఖ ఆ పుస్తకం తీసుకుని రావాలి. ఒక్క పేజీ రాసినా చాలు, ఖాళీగా ఉన్నా తీసుకురండి, ఎందుకు ఖాళీగా ఉందో అందరం కూర్చుని మాట్లాడదాం. మండలంలోని ధరలన్నీ కలిపి, పేర్లు లేకుండా, ఊరి వారీగా ఈ పత్రికలో వేస్తాం. మోటారు సైకిల్ మీద వచ్చే పిల్లవాళ్ళు కూడా చదువుకోవచ్చు, చందా అందరికీ ఒకటే.